నేనుంటే ఎక్కని రీడింగు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరగాయలామె తక్కెడ ఎత్తగానే నా చూపు ఆమె చిటికెన వేలి మీదికి పోతుంది. నాగర్‌కర్నూల్ బస్టాండులో కండక్టరు "ఇప్పుడే కదుల్తది, ఎక్కుండ్రి" అంటే, డ్రైవరు సీట్లో మనిషి ఉన్నాడో లేడో చూసుకుని గాని ఎక్కను. పెళ్లయిన కొత్తలో మా ఆయన అడిగాడు, "ఫిజిక్స్ చదివి గిట్లయినవా, గిట్లున్నందుకే ఫిజిక్స్ చదివినవా?" అని. ఆ ప్రశ్నలో వెటకారం ఎంత పాలు ఉందో తేలక ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ లెక్చరర్ని. కాపురం నాగర్‌కర్నూల్‌లో. పొద్దున బస్సెక్కి బిజినేపల్లి మీదుగా పోవడం, సాయంత్రం అదే దారిన రావడం. ఉద్యోగం చేస్తూనే హైదరాబాదులో ఒక ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీలో చేరాను. సెలవు దొరకదు కాబట్టి నేను ఆయన లేబుకు పోలేను. అందుకని ఆయనే పాతబడి పక్కన పెట్టిన సామాను కొంత వాడుకుని తిరిగివ్వమని మా కాలేజీకి ఎరువిచ్చారు. ఒక చిన్న లేజరు, దాని కరెంటు డబ్బా, బొటనవేలంత గాజుబుడ్డి. మా స్టోరు రూము కిటికీలకు నల్ల కాయితం అంటించి దాన్నే చీకటి గది చేసుకున్నాను.

ఆ బుడ్డిలో ఉన్నది రుబీడియం. సోడియం, పొటాషియం జాతి లోహమే. కాస్త వెచ్చబడితే ఆవిరై బుడ్డంతా పరుచుకుంటుంది. ఆ ఆవిరిలో ఒక్కో పరమాణువూ ఒక బొంగరం అనుకోండి. ఒకటి ఇటు, ఇంకొకటి అటు, తోచిన దిక్కుకు వాలి తిరుగుతుంటాయి. మెలి తిప్పిన లేజరు కాంతిని వాటి గుండా పంపితే, కాంతిలోని ఆ తిప్పుడు కొంచెం కొంచెంగా వాటికి అంటుకుని, చాలామట్టుకు ఒకే దిక్కుకు నిలుస్తాయి. పుస్తకాల్లో దీన్ని కోణీయ ద్రవ్యవేగ ధ్రువణం అని పెద్ద పేరుతో పిలుస్తారు. అట్లా నిలిచిన పరమాణువులు ఇక ఆ కాంతిని మింగవు, అవతలికి వదిలేస్తాయి. అప్పుడు బుడ్డి వెనక పెట్టిన మీటరులో రీడింగు ఎక్కుతుంది. ఎక్కిందంటే బొంగరాలు వరుసలో ఉన్నట్టు, దిగిందంటే చెదిరినట్టు. నా థీసిస్ మొత్తం ఆ ఎక్కడం, దిగడమే.

చెదరగొట్టడానికి పెద్ద బలమేం అక్కర్లేదు. పక్కనుంచి కాస్త అయస్కాంతపు జాడ తగిలినా చాలు. భూమికున్న అయస్కాంతమే వాటికి ఎక్కువ. దాన్ని రద్దు చేయడానికి బుడ్డికి అటూ ఇటూ రాగితీగ చుట్టలు కావాల్సి వచ్చి, బోరు మోటర్లు బాగుచేసే వైండింగు షాపుకు పోయాను. ఆయన నేను గీసిన బొమ్మను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మోటరుకు గాదు, స్టార్టరుకు గాదు. మరి దేనికమ్మా ఇది?" అన్నాడు. "భూమిని ఆపడానికి" అన్నాను. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి వినిపించింది, "మేడమ్‌కు జర ఎండ తగిలినట్టుంది" అని. చుట్టలు మాత్రం పొందికగా చుట్టి ఇచ్చాడు.

మా డిపార్టుమెంటులో నేను కాక ఇంకొక్కరే ఉండేవారు. రోజూ గద్వాల నుంచి వచ్చిపోయే సీనియర్ సార్. ముస్లిం, నమాజు తప్పని మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. చీకటి గది రెండో తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. నాకు క్లాసు ఉన్నప్పుడు ఆయన రీడింగులు తీసేవారు, ఆయనకు ఉన్నప్పుడు నేను. మొదట్లో ఎవరు కూర్చున్నా రీడింగు చక్కగా ఎక్కేది. మా గైడు ఫోన్లో "బాగుంది, బాగుంది" అనేవారు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు.

ఆ చలికాలం నేను మూడోసారి నెల తప్పాను. అంతకు ముందు రెండూ నిలవలేదు. ఈ కబురు వినగానే మా అత్తమ్మ కోడేరు దగ్గర తన పుట్టిన ఊరికి పోయి, అక్కడి దర్గాలో తాయెత్తు తెచ్చింది. నల్లగుడ్డలో పెట్టి కుట్టి, నల్లదారంతో నా నడుముకు కట్టింది. "కాన్పయ్యేదాంక ఇప్పొద్దు బిడ్డా. ఎవ్వరికి చెప్పొద్దు" అంది. తాయెత్తుల మీద నాకు నమ్మకం లేదు. వద్దని అనే గుండె అంతకన్నా లేదు. కాలేజీలో విషయం ఎవరికీ చెప్పలేదు. రెండుసార్లు ముందే చెప్పుకుని, తర్వాత అందరి ఓదార్పూ విని విని ఉన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే రీడింగు చెడింది. చెడడమంటే అందరికీ కాదు, నా ఒక్కదానికే. గద్వాల సార్ కూర్చుంటే ఎక్కుతుంది, నేను కూర్చుంటే ఎక్కదు. లేజరు సరి చేశాను, బుడ్డి తుడిచాను, చుట్టల్లో కరెంటు మార్చి మార్చి చూశాను. ఊహూఁ. క్లాసుకు పోయి వస్తే ఆయన నవ్వుతూ "మంచిగొచ్చింది మేడమ్" అంటారు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది.

నిజం చెప్పాలంటే ఆయన కూర్చుని ఊహించి రాస్తున్నారనే అనుకున్నాను. పెద్దమనిషి, నన్ను సంతోషపెడదామని రాస్తున్నారేమో. లేదూ, రేపు పేపరు మీద తన పేరు ముందు ఉండాలని ఏదో చేస్తున్నారేమో. ఆయనకూ నా మీద అట్లాంటిదే ఏదో ఉందని కనిపెట్టాను. నేను గదిలోకి వస్తే మాటలు తగ్గించేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు కూడా.

"ఏంది మేడమ్, నేనేమన్న తప్పు చేసిన్నా? గిట్ల చూస్తున్నరు?"

"నేనేం చూడలేదు సార్."

"లేదు, చూస్తున్నరు. నేను లేనప్పుడు మీరు ఆ స్విచ్చులు తిప్పుతున్నరేమో అని నాక్కూడ అనుమానమొస్తున్నది. చెప్తే పరేషాన్ అయితరని చెప్పలె."

దొంగే ఎదురు దబాయిస్తున్నాడనిపించింది నాకు. ఆయనకూ అదే అనిపించి ఉంటుంది.

మా గైడుకు ఇద్దరి రీడింగులూ పంపక తప్పలేదు. ఫోన్లో ఆయన గొంతు చల్లగా ఉంది. "మీ సార్ తీస్తే వస్తుంది, నువ్వు తీస్తే రాదు. పరమాణువులకు మనుషులు తెలియదమ్మా. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు రాయకూడనిది రాస్తున్నారు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "వచ్చే వారం నేనే వస్తాను. నా కళ్ల ముందు, నువ్వే కూర్చుని తీయాలి. ఎక్కితే సరే. ఎక్కకపోతే సామాను కార్లో వేసుకుని పోతాను, ఈ పని ఇంతటితో వదిలేద్దాం" అని పెట్టేశారు.

వదిలేద్దాం అనడం ఆయనకు తేలిక. ఇన్నేళ్లు బిజినేపల్లి రోడ్డు మీద బస్సులో నిలబడి పుస్తకం చదివింది నేను. పైగా ఇది చదువు ఆగిపోవడం ఒక్కటే కాదు, నేను దొంగ లెక్కలు రాసేదాన్ని అన్న పేరు మిగిలిపోతుంది.

ఇక నిఘా పెట్టాను. గద్వాల సార్ గదిలో ఉండగా, చప్పుడు కాకుండా తలుపు సందులోంచి చూశాను. ఆయన బిస్మిల్లా అనుకుని కూర్చున్నారు. మీటరు మీది ఎర్ర అంకెలు తలుపు దగ్గరికి కూడా కనిపిస్తున్నాయి. రీడింగు ఎక్కింది. ఆయన ఏ స్విచ్చూ ముట్టలేదు, ఊహించి రాయలేదు, ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నారు. నాకు కడుపు మండింది. ఎందుకంటే ఆయన దొంగ అయితే నాకు సులువయ్యేది. తలుపు తోసుకుని బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. అంకెలు జరజరా దిగిపోయాయి.

ఆయన మీటరు వైపు చూశారు, నా వైపు చూశారు. "మీరు రాంగనే పడిపాయె మేడమ్" అన్నారు మెల్లగా. ఆయన గొంతులో ఈసారి అనుమానం లేదు. భయం ఉంది.

నా వల్లే పడిందని ఒప్పుకోలేక, చుట్టుపక్కల ఎక్కడో అయస్కాంతం ఉందని తీర్మానించుకున్నాను. పక్క గదిలోకి కొత్తగా ఇనుప బీరువా వచ్చింది. కాలేజీ డే కోసం తెచ్చిన పెద్ద సౌండు బాక్సులు గోడకు అవతలే పెట్టారు. మర్నాడు గద్వాల సార్ క్లాసులో ఉండగా, పిల్లల ప్రాక్టికల్స్‌కు వాడే చిన్న దిక్సూచి చేతిలో పట్టుకుని వేటకు బయల్దేరాను. బీరువా దగ్గరికి పోయాను. ముల్లు బీరువా వైపు కాదు, నా వైపు తిరిగింది. నా వెనక ఏదో ఉందనుకుని గిర్రున తిరిగాను. ముల్లు కూడా తిరిగి మళ్లీ నా వైపే చూసింది. సౌండు బాక్సుల దగ్గరా అంతే. వరండాలోకి పోయినా అంతే. దిక్సూచి పాడైందనుకుని బల్ల మీద పెట్టి దూరం జరిగాను. బుద్ధిగా ఉత్తరం చూపించింది. దగ్గరికి వచ్చాను. ముల్లు ఊగి ఊగి, నా పొట్ట వైపు వచ్చి ఆగింది.

అన్నేళ్లు చదివిన చదువంతా ఎటు పోయిందో, ఒక్క క్షణం పాటు నా కడుపులో ఏముందోనని వణికిపోయాను. తర్వాత తెలివి వచ్చింది. గాజులు తీసి పక్కన పెట్టాను, పిన్నులు తీశాను. ముల్లు కదల్లేదు. చీర మీద నుంచే నడుము తడుముకుంటే, నల్లగుడ్డ మూట వేలికి తగిలింది.

ఆ సాయంత్రం అత్తమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, మాటల్లో మాటగా అడిగాను. "అత్తమ్మా, ఈ తాయెత్తులో ఏముంది?"

ఆమె చేయి ఆగింది. "ఎందుకడుగుతున్నవ్? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరూ అనలేదు. బరువుగా ఉంటే అడిగాను."

చాలాసేపు నన్ను చూసింది. నాకు అనుమానం పుట్టుకతో వచ్చిందనుకుంటాను గాని, ఆమె ముందు నేను దిగదుడుపే. చివరికి గొంతు తగ్గించి చెప్పింది. దర్గా తాయెత్తు లోపల ఉందట. దానికి తోడు ఆమె సొంతంగా ఇంకొకటి చేర్చింది. మా మామయ్య పాత రేడియో పగిలితే, స్పీకరు లోపలి సూదంటురాయి ముక్క ఆమె దాచుకుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు పోయిన సూదులు వెతకడానికి పనికొస్తుందని.

"దర్గాల చెప్పలేదు. నాకే తోచింది. రెండుసార్లు నిలవకపాయె గదా బిడ్డా. పట్టి ఉంచేటిది ఒకటి ఉండాలె అనుకున్న. అది ఇనుమును పట్టిందంటే ఇడువదు" అంది. ఆమె మళ్లీ చిక్కుడుకాయ చేతికి తీసుకుంటూ "ఇప్పకు, నీకు దండం పెడ్త" అంది.

ఏం చెప్పాలి ఆమెకు? ఆ ముక్క నా థీసిస్ మీద కూర్చుందని చెప్పనా? విప్పితే రీడింగు ఎక్కుతుంది, చదువు నిలుస్తుంది. విప్పి, ఆ తర్వాత ఏమన్నా అయితే? దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా భయమేసింది. ఆ వారమంతా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక చేయి ఆ ముడి మీదే పెట్టుకుని ప్రయాణం చేశాను. గైడుకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పొచ్చు. కానీ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ నడుముకు తాయెత్తు కట్టుకున్నానని ఏ నోటితో చెప్పను?

గైడు మధ్యాహ్నం వచ్చారు. ఆయన ప్రిన్సిపాలు గదిలో టీ తాగుతుండగా, నేను లేడీస్ స్టాఫ్ రూములోకి పోయి ముడి విప్పాను. విప్పాక ఇంకో చిక్కు వచ్చింది. ఎక్కడ పెట్టను? కింద పెట్టకూడదు, బ్యాగులో చెప్పుల పక్కన పెట్టకూడదు. ఇవన్నీ నమ్మనిదాన్ని, అరచేతిలో పట్టుకుని వరండాలో నిలబడిపోయాను. ఎదురుగా గద్వాల సార్ వస్తున్నారు.

ఆ కాలేజీలో ఆ వస్తువు విలువ తెలిసిన మనిషి ఆయనొక్కరే. చేయి చాచాను. "సార్, నేను రీడింగు తీసేదాకా దీన్ని గదికి దూరంగా పట్టుకుంటారా? దీనివల్లే పడిపోతోంది" అన్నాను. ఆయన నల్లగుడ్డను చూశారు, నా మొహం చూశారు. ఆరుగురు ఆడపిల్లల తండ్రి, ఏమీ అడగలేదు. జేబులోంచి ఉతికిన దస్తీ తీసి అరచేతిలో పరిచి, దాంట్లోకి అందుకున్నారు.

"కింద పెట్ట మేడమ్. జేబుల గూడ పెట్ట. మీరు పోయి చూపిండ్రి" అన్నారు.

గైడు నా వెనక నిలబడ్డారు. కూర్చుని లేజరు వేశాను. రీడింగు ఎక్కింది. ఎక్కి, నిలబడింది. చాలా రోజుల తర్వాత నా చేతి కింద నిలబడింది. గైడు మాత్రం మెచ్చుకోలేదు.

"మొన్నటిదాకా రానిది ఇవాళ ఎట్లా వచ్చింది? మీ సార్ ఎక్కడ?" అన్నారు.

"బయట ఉన్నారు సార్."

"బయట ఎందుకు? పిలువు."

"వద్దు సార్" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయనే తలుపు తీసి కేకేశారు. గద్వాల సార్ వరండా చివర నుంచి మెల్లగా వచ్చారు. గుమ్మంలో ఆగితే, "ఇటు, బల్ల దగ్గరికి రండి" అన్నారు గైడు. ఆయన ఒక్కో అడుగూ వేస్తుంటే అంకెలు దిగాయి. బల్ల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా పడిపోయాయి.

"ఓహో" అన్నారు గైడు. "పిడికిట్లో ఏముంది?"

గద్వాల సార్ నా వైపు చూడనైనా చూడలేదు. "నాది సార్. తాయెత్తు. మోకాళ్ల నొప్పులకు కట్టుకుంట. దాంట్ల అయస్కాంతం ఉన్నది, నాకు తెల్వకపాయె. మేడమ్ తప్పేం లేదు" అన్నారు.

నా రహస్యం కాపాడదామని, ఆయన తన పేరు చెడగొట్టుకుంటున్నారు. అది ఆయన ఒంటి మీద ఉంటే రీడింగు ఎక్కేదే కాదు గనక, ఇన్నాళ్లు ఆయన తీసిన రీడింగులన్నీ ఆ ఒక్కమాటతో అబద్ధమైపోతాయి. నేను లేచి నిలబడ్డాను. "ఆయనది కాదు సార్, నాది. నాకు మూడో నెల. మా అత్తమ్మ కట్టింది, దాంట్లో రేడియో స్పీకరు ముక్క ఉంది. ఆయన తీసినవి అన్నీ నిజం, నేను తీసినవీ నిజం" అన్నాను. గొంతు పెద్దదైంది. నేను దబాయించినట్టే ఉండి ఉంటుంది.

గైడుకూ అనుమానం తక్కువేం కాదు. గద్వాల సార్‌ను తలుపు దాకా పంపారు, మళ్లీ రమ్మన్నారు. ఎక్కింది, దిగింది. దిక్సూచి తెప్పించి చూశారు. ఎడమ చేతిలోకి మార్చుకోమని చెప్పి చూశారు. అప్పుడు గాని కుర్చీలో కూర్చోలేదు. "దూరం పెరిగే కొద్దీ ఎట్లా మారుతుందో కొలువు. ఒక అధ్యాయం అవుతుంది" అన్నారు నాతో. దస్తీలోని మూట వైపు చూసి, "దీంతో కాదు. ఇంకో ముక్క తెచ్చుకుని కొలువు. ఇది కట్టుకో" అన్నారు. సామాను ఎక్కడిది అక్కడే వదిలి, ఖాళీ కారులో పోయారు.

గద్వాల సార్ దస్తీతో సహా నా చేతికిచ్చారు. "దువా చేసిన మేడమ్, నిలబడ్డంతసేపు" అన్నారు. తల ఊపాను.

స్టాఫ్ రూములో మళ్లీ కట్టుకుని ఇంటికి పోయాను. అత్తమ్మ రోజూ పడుకునే ముందు ఆ ముడిని ఒకసారి తడిమి చూసేది. ఆ రోజు నేను చెప్పులు విడవగానే తడిమింది. ఆమెకు ఎట్లా తోచిందో తెలియదు.

"ఈ ముడి నాది గాదు" అంది.

ఇక దాచలేదు. అంతా చెప్పాను. బుడ్డి, ఆవిరి, బొంగరాలు, రీడింగు, గద్వాల సార్ దస్తీ. తిడుతుందని, ఏడుస్తుందని సిద్ధపడి ఉన్నాను. ఆమె గడప మీద కూర్చుని చెవులు రిక్కించి విన్నది.

"ఆ బుడ్డి ఎంత దూరంల ఉండె?" అని అడిగింది.

"మూరెడు ఉంటుంది."

"దాంట్ల ఉన్నవి కండ్లకు అవుపడ్తయా?"

"కనపడవు."

"మూరెడు దూరంల, గాజు లోపల, కండ్లకు అవుపడనియి. వాటి దాంక పోయిందా నేను కట్టింది?"

"పోయింది అత్తమ్మా. కానీ అది వేరే..."

"మరి ఆనుకోని ఉన్న బిడ్డ దాంక పోదా?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఏది దేన్ని తిప్పుతుంది, దేన్ని తిప్పలేదు, అదంతా నోటికి వచ్చు. ఆమె అప్పటికే లేచి, మళ్లీ తన చేత్తో కట్టడానికి నేను వేసిన ముడి విప్పుతోంది. నేను చీర కొంచెం వదులు చేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"గట్టిగా కట్టు అత్తమ్మా" అన్నాను.